గేటెక్కడే, అమ్మాయ్?

పోయిన నెల ముచ్చట్లు ఎగ్గొట్టానని అలగకండి. ఊళ్ళో లేను. ఊళ్ళోనే కాదు, దేశంలోనే లేను. "ఒక్కసారి రావే అమ్మా" అని మా పిల్ల నాలుగేళ్ళ నుంచి ఫోన్‌లో పోరుపెడుతుంటే, ఇదుగో పైఏడు, అదుగో పైఏడు అంటూ జరిపి జరిపి, దాని చదువు ఇంకో నెలలో అయిపోతుందనగా లేచి వెళ్ళాను. స్కాట్లండు తూర్పుతీరాన సెయింట్ ఆండ్రూస్ అని ఓ చిన్న ఊరు. మా అమ్మాయి అక్కడ సముద్రజీవుల శాస్త్రం చదువుతోంది. "బందర్లో పుట్టిన పిల్ల సముద్రాన్ని చూడ్డానికి అంత దూరం పోవాలటే?" అని మా అత్తగారు ఇప్పటికీ అంటూనే ఉంటారు.

ఆ ఊరికి రైలు లేదు. ఒకప్పుడు ఉండేదట, 1969లో తీసేశారు. ఎడింబరోలో రైలెక్కి, ఎర్రటి పాత ఫోర్త్ వంతెన దాటి, గంట ప్రయాణం చేసి, లూకర్స్ అనే చిన్న స్టేషన్లో దిగి బస్సు పట్టుకోవాలి. దిగేసరికి పిల్ల ప్లాట్‌ఫాం మీద నిలబడి ఉంది. ఏడుస్తానేమో అనుకున్నాను గానీ, గాలి ఏడవనివ్వలేదు. చీర కుచ్చిళ్ళు పట్టుకోవడానికే రెండు చేతులూ చాల్లేదు. పదినిమిషాల్లో బస్సు ఊళ్ళోకొచ్చింది. పెట్టె ఈడ్చుకుంటూ ఓ వీధి నడిచాం, రెండో వీధి నడిచాం. ఓ కాఫీ హోటలు, దాని పక్కన చారిటీ దుకాణం, దాని పక్కన ఎవరిదో ఇల్లు, కిటికీలో పిల్లి.

"మీ యూనివర్సిటీ గేటెక్కడే, అమ్మాయ్?" అన్నాను.

"ఇందాకట్నుంచీ మనం యూనివర్సిటీలోనే నడుస్తున్నామమ్మా," అని నవ్వింది.

నిజమేనర్రా. ఆ ఊళ్ళో యూనివర్సిటీకి గేటు లేదు. మన దగ్గరైతే హైవే పక్కన పెద్ద కమాను, దాని కింద వాచ్‌మన్, రిజిస్టర్లో సంతకం, లోపల కిలోమీటరు దూరం చెట్లు, ఆ తర్వాతెక్కడో చదువు. ఇక్కడ ఇంటి పక్క ఇల్లు క్లాసు రూము, దాని పక్క ఇల్లు రొట్టెల కొట్టు. ఊరి జనం పదిహేడు పద్దెనిమిది వేలు, విద్యార్థులు పదివేల దాకా. నార్త్ స్ట్రీట్, మార్కెట్ స్ట్రీట్, సౌత్ స్ట్రీట్ అని మూడు పెద్ద వీధులు. అంతే ఊరు. పొద్దున పాలు కొనడానికెళ్ళి వచ్చేలోపు మా పిల్ల ఇద్దరు ప్రొఫెసర్లకు, ఒక పోస్ట్‌మన్‌కు పలకరింపులు చెప్పింది.

ఈ చదువుల ఊరు నిన్నామొన్నటిది కాదు. 1410లో పాఠాలు మొదలయ్యాయి, 1413లో పోపు గారు ఆజ్ఞాపత్రం రాసిచ్చారు. అంటే మన కొండవీట్లో పెదకోమటి వేమారెడ్డి కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్న రోజులన్నమాట. మన కొండవీడు ఇప్పుడు రాళ్ళగుట్ట. సెయింట్ ఆండ్రూస్‌లో బిషప్పుల కోటా పడిపోయింది, పెద్ద కెథడ్రలూ పడిపోయింది, బడి మాత్రం ఆరొందల ఏళ్ళ తర్వాత కూడా నడుస్తూనే ఉంది.

రెండోరోజు పొద్దున్నే ఓ ఘోరం చేశాను. నార్త్ స్ట్రీట్‌లో సెయింట్ సాల్వేటర్స్ చాపెల్ ముందు పేవ్‌మెంటు రాళ్ళలో పి, హెచ్ అని రెండక్షరాలు పొదిగి ఉన్నాయి. నేను ఆకాశంలోకి ఎగిరే గంటస్తంభం చూస్తూ ఆ అక్షరాల మీద కాలేశాను. పిల్ల కెవ్వుమంది. పాట్రిక్ హామిల్టన్ అనే ఇరవై నాలుగేళ్ళ కుర్రవాడిని, కొత్త మతం బోధిస్తున్నాడని, 1528 ఫిబ్రవరి 29న సరిగ్గా అక్కడే నిలబెట్టి కాల్చేశారు. ఆ అక్షరాలు తొక్కినవాళ్ళు పరీక్ష తప్పుతారని పిల్లల నమ్మకం. ఎంత తొందరలో ఉన్నా చుట్టు తిరిగి పోతారు.

"నాకు పరీక్షలేంటే ఈ వయసులో?" అన్నాను.

"నీ డ్రైవింగ్ టెస్టు వచ్చే నెలేగా!" అంది.

గుండె గుభేల్‌మంది. విరుగుడు ఉందట. మే ఒకటో తారీకు తెల్లవారుజామున సముద్రంలో మునిగితే పాపం పోతుందట. ఆ సంగతి తర్వాత చెబుతాను.

పిల్ల గదిలో తలుపు వెనక మేకుకు ఓ ఎర్రటి అంగీ వేలాడుతోంది. ముందు రగ్గు అనుకున్నాను. ముట్టుకుంటే దళసరి ఉన్ని, మెడ చుట్టూ ముదురు రంగు వెల్వెట్టు, వాన తడిసి ఆరిన గొర్రెబొచ్చు వాసన. ఇక్కడి పిల్లల గౌను అది. తొడుక్కోవడంలోనే తరగతి చెప్పేస్తారు. మొదటి ఏడు పిల్లలు భుజాల నిండా కప్పుకుంటారు. రెండో ఏడు కాస్త జార్చుకుంటారు. మూడో ఏట ఆర్ట్స్ వాళ్ళు ఒక భుజం నుంచి, సైన్సు వాళ్ళు రెండో భుజం నుంచి దింపుతారు. నాలుగో ఏడు మోచేతుల దాకా జారిపోతుంది. మా పిల్లది మోచేతుల దగ్గరుంది. ఇంకో నెలలో ఊడిపోతుంది. నేను దాన్ని ఒకటికి రెండుసార్లు భుజాల మీదకి లాగాను. చలేస్తుందని చెప్పాను గానీ, అందుక్కాదని మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆదివారం చాపెల్లో ప్రార్థన అయ్యాక ఈ ఎర్ర గౌన్లన్నీ వరసకట్టి సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతికట్ట చివరిదాకా నడిచి వెనక్కొస్తాయి. 1800లో జాన్ హనీ అనే విద్యార్థి మునిగిపోతున్న పడవలో వాళ్ళను ఈదుకెళ్ళి ఒక్కొక్కర్నీ ఒడ్డుకు చేర్చాడట, ఆయన గుర్తుగా ఈ నడక అంటారు. పోయేటప్పుడు కింద దారిన పోయి, వచ్చేటప్పుడు పక్కనున్న ఎత్తయిన గోడ మీదెక్కి నడుస్తారు. మా పిల్ల గోడ మీద నడుస్తుంటే గాలికి గౌను రెపరెపలాడుతోంది. కింద నేను "జాగ్రత్తే, జాగ్రత్తే" అని అరుస్తూ పక్కనే పరుగు. అంతలో సముద్రం మీద నుంచి తెల్లటి మంచు తెర లేచి రెండు నిమిషాల్లో కట్టనూ మనుషుల్నీ మింగేసింది. దాన్ని అక్కడ 'హార్' అంటారు. పిల్ల కనబడకుండా పోయింది. ఆ మంచులోంచి "అమ్మా, ఉన్నచోటే నిలబడు, నేనొస్తున్నా" అని వినిపించింది. తిరునాళ్ళలో తప్పిపోతే ఏంచెయ్యాలో దానికి నాలుగేళ్ళప్పుడు నేను నేర్పిన మాట అది.

ఇప్పుడు అసలు ముచ్చట వినండి. సౌత్ స్ట్రీట్‌లో పోతుంటే పాడుబడ్డ చర్చి గోడ ముక్క ఒకటి, దాని వెనక గంభీరమైన పాత భవనం.

"దీని పేరేంటో చెప్పుకో చూద్దాం," అంది పిల్ల.

"నాకేం తెలుసే, ఏదో సెయింటు అయ్యుంటుంది."

"మద్రాస్ కాలేజ్!"

నేను నమ్మలేదు. మా తాతయ్య చదువుకున్న మద్రాసు, మనందరికీ ఒకప్పటి రాజధాని మద్రాసు, ఈ చలిదేశంలో ఓ హైస్కూలు పేరై కూర్చుందా? బడి 2021లో ఊరి చివర కొత్త భవనంలోకి మారింది గానీ పేరు మాత్రం మారలేదు. మన మద్రాసు పేరే చెన్నై అయిపోయింది, వాళ్ళది ఇంకా మద్రాసే.

కథేంటంటే, ఆండ్రూ బెల్ అని ఈ ఊళ్ళో ఓ మంగలి కొడుకు. 1753లో పుట్టాడు. ఇక్కడే చదివి, దేశాలు తిరిగి, 1787లో ఇండియాకి వచ్చాడు. మద్రాసు ఎగ్మోరులో సైనికుల అనాథ మగపిల్లల కోసం 1789లో ఆశ్రమం పెడితే దాన్ని నడిపే పని ఇతనికొచ్చింది. ఆ పిల్లల్లో చాలామందికి తండ్రులు తెల్ల సిపాయిలు, తల్లులు మన ఆడవాళ్ళు. చదువు చెప్పే పంతుళ్ళకు ఓపికా లేదు, ఇష్టమూ లేదు. అలా తల పట్టుకుని ఉన్న రోజుల్లో, ఓ పొద్దున దారిలో ఓ వీధి బడి కనబడిందట. పిల్లలు నేలమీద ఇసుక పరుచుకుని వేలితో అక్షరాలు దిద్దుతున్నారు. కాగితం లేదు, పలక లేదు. తప్పు రాస్తే అరచేత్తో చదును చేసి మళ్ళీ మొదలు.

మనకిది వింతా? మా నాయనమ్మ గుంట ఓనమాలు ఇసుకలోనే దిద్దింది. ఇప్పటికీ అక్షరాభ్యాసం అంటే పళ్ళెంలో బియ్యం పోసి పిల్లాడి వేలు పట్టుకోవడమేగా. బెల్‌కు మాత్రం కళ్ళు తెరుచుకున్నాయి. మా బళ్ళోనూ ఇసుకే పెట్టండన్నాడు. పంతుళ్ళు మొరాయించారు. అప్పుడు జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ పిల్లాడిని పిలిచి, "చిన్నవాళ్ళకు నువ్వు నేర్పు" అన్నాడు. పంతుళ్ళ వల్ల కానిది వాడి వల్ల అయింది. వచ్చినవాడు రానివాడికి చెప్పడం, వాడు ఇంకొకడికి చెప్పడం. బెల్ ఇంగ్లండు వెళ్ళి 1797లో దీని మీద పుస్తకం వేస్తే 'మద్రాస్ పద్ధతి' అని పేరొచ్చి, బీదపిల్లల బడుల్లో అంతటా పాకింది. చిలకపలుకుల చదువని తిట్టినవాళ్ళూ ఉన్నారు, ఆ మాటా అబద్ధం కాదు. 1832లో పోయేముందు తన ఊరికి ఇచ్చిన డబ్బుతో ఈ కాలేజీ వెలిసింది.

ఆ గోడ ముందు నిలబడి ఒక్కటే అనుకున్నాను. బెల్ పేరుంది, ఫ్రిస్కెన్ పేరు కూడా ఉంది. ఇసుకలో అక్షరాలు దిద్దించిన ఆ వీధి బడి పంతులు గారి పేరు మాత్రం ఈ కథలో లేదు. ఆ పిల్లల్ని కన్న తల్లుల పేర్లూ లేవు. మద్రాసు అన్న ఒక్క మాటలోనే వాళ్ళంతా సర్దుకున్నారు.

ఆ రాత్రే నాకు ఇంకో చోద్యం తెలిసింది. "అమ్మా, రేపు నా పిల్లలు భోజనానికొస్తున్నారు," అంది.

నా చేతిలో గరిటె జారిపోయింది.

కంగారు పడకండి. ఇక్కడ పెద్ద తరగతుల వాళ్ళు కొత్తగా చేరిన పిల్లల్ని దత్తు తీసుకుంటారు. అమ్మా నాన్నా అని పిలిపించుకుంటారు. లైబ్రరీలో సీటెలా పట్టాలి, చలికి ఏ కోటు కొనాలి, మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడే డిసెంబర్లో దిగులేస్తే ఎవరి తలుపు కొట్టాలి, అన్నీ ఆ అమ్మానాన్నలే చెప్పాలి. శీతాకాలం ముందు ఓ సోమవారం పిల్లలంతా పచ్చికలో చేరి గడ్డం గీసుకునే నురుగు ఒకరి మీద ఒకరు కొట్టుకుంటారు. దాన్ని రైజిన్ మండే అంటారు. పూర్వం పిల్లలు తమ 'తల్లిదండ్రుల'కు కృతజ్ఞతగా పౌండు కిస్‌మిస్ పళ్ళు ఇచ్చేవారట, ఇప్పుడు వైను సీసా. పుచ్చుకున్నందుకు లాటిన్‌లో రసీదు కూడా రాసిస్తారు.

అలా నాకు రాత్రికి రాత్రి ముగ్గురు మనవలు దిగారు. ఇద్దరమ్మాయిలు, ఓ కుర్రాడు. కుర్రాడు కందిపొడి మొదటి ముద్దకే ఎర్రబడ్డాడు, అయినా మూడుసార్లు వడ్డించుకున్నాడు. మా పిల్ల వాళ్ళకు చేత్తో కలుపుకోవడం చూపిస్తోంది. "పొడి ఎక్కువ, నూనె తక్కువ అయితే గొంతు పడుతుంది, నాకు మొదట్లో ఇక్కడి కూడు ఇలాగే పట్టేది" అని దానికి తెలిసిన భాషలో చెబుతోంది. ఓ అమ్మాయి పరీక్షల భయంతో సగం తిని ఆగిపోతే, దాని పక్కకు జరిగి గుసగుసగా ఏదో చెప్పింది. ఆ పిల్ల మళ్ళీ ముద్ద కలిపింది. మొదటి ఏడు డిసెంబర్లో ఇదే మా అమ్మాయి, "నేను వచ్చేస్తానమ్మా, నా వల్ల కాదు" అని రాత్రి రెండింటికి ఏడ్చింది. బందర్లో కూర్చుని "ధైర్యంగా ఉండు తల్లీ" అనడం తప్ప నాకేం చేతనవుతుంది? చీకటి నాలుగింటికే పడటం ఎలా ఉంటుందో నాకేం తెలుసు? అప్పుడు దీని చెయ్యి పట్టుకున్నది ఎవరో మూడో ఏడు చదివే పిల్లట. ఆ సంగతి నాకు నాలుగేళ్ళకు తెలిసింది.

ఆదివారం సాయంత్రం గోల్ఫ్ మైదానంలోకి నడిచాం. ప్రపంచంలో పేరున్న ఆటగాళ్ళంతా ఒక్కసారైనా ఆడాలనుకునే ఓల్డ్ కోర్స్ అది. ఆదివారం ఆటకు సెలవు, ఊరివాళ్ళు కుక్కల్నీ చంటిపిల్లల బళ్ళనీ తోసుకుంటూ దాని మీద షికారు చేస్తారు. చివర్లో రాయల్ అండ్ ఏన్షియంట్ గోల్ఫ్ క్లబ్బు మేడ. 2009లో ఈ యూనివర్సిటీకి మొదటిసారి ఓ ఆడమనిషి, లూయిస్ రిచర్డ్‌సన్, ప్రిన్సిపాల్ అయ్యారు. అంతకుముందు మగ ప్రిన్సిపాళ్ళకు దక్కిన గౌరవ సభ్యత్వం ఆవిడకు దక్కలేదు, ఎందుకంటే క్లబ్బులో ఆడవాళ్ళకు చోటు లేదు. 2014 సెప్టెంబరులో ఓట్లు వేసుకుని గానీ తలుపు తియ్యలేదు. మేమిద్దరం ఆ మేడ వంక చూస్తూ ఐస్‌క్రీమ్ తిన్నాం. 1908 నుంచి ఉన్న జానెట్టా వాళ్ళ కొట్లోది. ఆ చలిలో ఐస్‌క్రీమేంటి అనకండి, అక్కడ అందరూ అలాగే తింటున్నారు. ఓ సముద్రపు కాకి నా కోను మీద కన్నేసింది కూడా.

యూనివర్సిటీ మాత్రం ఆ క్లబ్బుకంటే ముందే కదిలిందిలెండి. 1892లో ఆడపిల్లల్ని పూర్తి విద్యార్థులుగా చేర్చుకుంది. అంతకుముందే, 1877లో, ఎల్.ఎల్.ఏ. అని ఓ పట్టా పెట్టింది. ఆడవాళ్ళు తమ ఊళ్ళో ఉండి చదువుకుని, దగ్గర్లోని కేంద్రంలో పరీక్ష రాస్తే ఇచ్చేవాళ్ళు. డిగ్రీ అనరు, కానీ చదువు డిగ్రీదే. 1931 దాకా నడిచింది, వేలమంది రాశారు. నాకు గొంతు పట్టేసింది. పెళ్ళయ్యాక, పిల్లను ఒళ్ళో పెట్టుకుని ప్రైవేటుగా బి.ఏ. కట్టినదాన్ని నేను. పుస్తకాలు పోస్టులో వచ్చేవి, యూనివర్సిటీ గేటు పరీక్షలకు తప్ప చూడలేదు. అందుకేనేమో బస్సు దిగగానే నోట్లోంచి ఆ మాటే వచ్చింది.

ఇక మే ఒకటి. ఇంకా తెల్లారకముందే ఈస్ట్ శాండ్స్ ఇసుక మీద వందలమంది పిల్లలు. చలిమంటలు, కేకలు, పాటలు. మాకు సముద్రమంటే ఆట కాదర్రా. మా అమ్మావాళ్ళది అవనిగడ్డ పక్క. 1977 నవంబరు 19 రాత్రి, నాకు రెండేళ్ళప్పుడు, అమ్మ నన్ను చంకనేసుకుని ఉప్పెన చూసింది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ సముద్రం వైపు వీపు పెట్టి కూర్చోలేదు. నన్నూ మోకాలి లోతు దాటనివ్వలేదు. నేను మా పిల్లను దాటనివ్వలేదు. అదేమో సముద్రాన్నే చదువు చేసుకుంది. సూర్యుడు తొంగి చూడగానే అందరితో పాటు అరుచుకుంటూ పరుగెత్తి మునిగింది. నేను తువ్వాలు పట్టుకుని ఒడ్డున గుడ్లప్పగించి తలలు లెక్కపెడుతున్నాను. ఆ గుంపులో ఏ తల నాదో ఎలా తెలుస్తుంది?

వణుకుతూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "రా అమ్మా. అల వచ్చినప్పుడు వెనక్కి జరక్కు, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడు. మొదటి అలే చలి, రెండోది అంతుండదు. నేనూ మొదటి ఏడు ఏడ్చాను" అంది. చీర ఎత్తి పట్టుకుని చీలమండల దాకా దిగాను. ఫ్రిజ్జులో నీళ్ళు నయం. రెండో అల నిజంగానే అంత చలి వెయ్యలేదు.

తిరిగొచ్చి నెలైంది. డ్రైవింగ్ టెస్టు తప్పాను, రివర్సులో. పాదాలే తడిస్తే పాపం సగమే పోతుందని పిల్ల తీర్పు. మావారు ముప్ఫై ఏళ్ళుగా కారు నడుపుతున్నారు కదా, ఆయన నేర్పితే "అబ్బ, అలా తిప్పడమేగా" అంటారు. ఆయనకు రానినాడు ఎలా ఉండేదో ఆయనకే గుర్తులేదు. అందుకని గురువును మార్చేశాను. ఎదురింటి పిల్ల, పంతొమ్మిదేళ్ళది. లైసెన్సు వచ్చి నాలుగు నెలలే. రోజూ పొద్దున ఆరింటికి పక్కన కూర్చుని, "ఆంటీ, ఇక్కడే నాక్కూడా స్టీరింగు ఎటు తిప్పాలో తెలిసేది కాదు, కుడి అద్దంలో ఆ స్తంభం కనబడిందా, ఇప్పుడు తిప్పండి" అంటుంది.

వచ్చే గురువారం మళ్ళీ టెస్టు.